ఫొటో కింద పేరుతో పాటు బరువూ వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాఠకులు పంపే పెంపుడు జంతువుల ఫొటోలు వేస్తున్నారు. పమేరియన్ మెడలో బంతిపూల దండ, పగ్ నెత్తిన కాగితం టోపీ, షిట్జుకి రెండు పిలకలు వేసి రిబ్బను... చూడముచ్చటగా ఉంటున్నాయి. చిన్న జాతి కుక్కల్ని పెంచేవాళ్లు ఇలాంటి కబుర్లు చెప్పుకోకుండా ఉండలేరు. ‘మా స్వీటీకి పాల పన్ను ఊడింది’ అంటే బయటివాళ్లకి నవ్వులాట, ఆ ఇంట్లో మాత్రం అది పండగే. కాబట్టి ఆ పేజీ తగ్గించమని ఈ ఉత్తరం రాయడం లేదు. ఫొటో కింద పేరు, ఊరు వేస్తున్నారు కదా, ఇంకో రెండు ముక్కలు కలపమని అడుగుతున్నాం: వయసు, బరువు.

బరువు ఎందుకంటే, ముప్పై కిలోల లాబ్రడార్‌కి చెల్లిపోయే పొరపాటు మూడు కిలోల కుక్కకి చెల్లదు. తిండి, మందు, ఎండ, ఎత్తు, అన్నీ దాని బరువుతోనే లెక్క చూడాలి. పైగా మన ఇళ్లలో పమేరియన్ అని పిలుచుకునే తెల్ల బొచ్చుకుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. అసలు పమేరియన్ పెద్దయ్యాక కిలోన్నర నుంచి మూడు, మూడుంపావు కిలోల దాకా తూగుతుంది. స్పిట్జ్‌లో చిన్న రకమే అయిదు నుంచి ఏడు కిలోలుంటుంది. ‘పమేరియన్ మూడు కిలోలు దాటకూడదట’ అని ఎక్కడో విని ఆరు కిలోల స్పిట్జ్‌ని పస్తులుంచేవాళ్లున్నారు. అయిదు కిలోలు తూగుతున్న అసలు పమ్‌ని చూసి ‘ముద్దొచ్చేలా బొద్దుగా ఉంది’ అని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. మీరు వేసే ఫొటోల పక్కన అంకె ఉంటే ఈ తేడా నాలుగు వారాల్లో జనానికి దానంతటదే తెలిసిపోతుంది.

తూకం ఎలా వేయాలో కూడా చెప్పాలి. కుక్కని ఎత్తుకుని బాత్‌రూమ్ తూకం యంత్రం ఎక్కి, తర్వాత మన బరువు తీసేయడం అందరూ చేసే పని. పది కిలోల కుక్కకి అది చాలు. మూడు కిలోల దానికి చాలదు, ఎందుకంటే ఆ యంత్రాలు వంద, రెండు వందల గ్రాములు అటూ ఇటూ చూపిస్తాయి. కూరగాయల దుకాణంలో వాడే లాంటి ఎలక్ట్రానిక్ కాటా మీద ప్లాస్టిక్ టబ్బు పెట్టి, అడుగున పాత తువ్వాలు వేసి, సున్నా చేసి కుక్కని అందులో కూర్చోబెట్టండి. తువ్వాలు వేశాకే సున్నా నొక్కాలి. పొద్దున్నే బయటికి వెళ్లొచ్చాక, తిండి పెట్టకముందు చూడాలి. పిల్లలకి వారానికోసారి, పెద్దవాటికి నెలకోసారి సరిపోతుంది. మూడు కిలోల కుక్క 300 గ్రాములు పెరిగిందంటే పదో వంతు పెరిగినట్టు, 70 కిలోల మనిషి 77 అయినట్టు. మనిషికైతే చొక్కా గుండీలు చెబుతాయి, బొచ్చుకుక్క విషయంలో కంటికి ఏమీ తెలియదు. అందుకే స్నానం చేయించి ఒళ్లు తడిగా ఉన్నప్పుడు పైనుంచి చూడండి. పక్కటెముకల వెనక నడుము సన్నబడుతూ కనిపించాలి. వేళ్లు మెల్లగా ఆనిస్తే ఎముకలు తగలాలి, నొక్కి వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

మూడు కిలోల కుక్క, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఇంట్లోనే తిరిగేదైతే, రోజుకి సుమారు 200 నుంచి 250 కేలరీలు చాలు. చిరుతిళ్లు అందులో పదో వంతు మించకూడదు. అంటే 20, 25 కేలరీలు. ఒక్క మేరీ బిస్కెట్‌తో ఆ కోటా పూర్తి. ఉడికిన గుడ్డు ఒకటి పెడితే ఆ రోజు తిండిలో దాదాపు మూడో వంతు పెట్టేసినట్టే. అన్నంలో వేసే టీస్పూను నెయ్యి 45 కేలరీలు. ‘అసలేమీ తినదండీ’ అని వాపోయే ఇళ్లలో తాతయ్య ఒక బిస్కెట్టు, పనమ్మాయి ఒక బిస్కెట్టు, బడి నుంచి వచ్చిన పిల్లలు తలా ఒకటి పెడుతుంటారు. అన్నీ కలిపితే సగం రోజు తిండి అయిపోతుంది, ఇక గిన్నెలోది ఎందుకు ముడుతుంది! పొద్దున్నే ఆ రోజు చిరుతిండి మొత్తం చిన్న డబ్బాలో వేసి ఫ్రిజ్ మీద పెట్టేస్తే సరి. ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే.

ఇప్పుడు పుట్టినరోజుల సంగతి. మీకు వచ్చే ఫొటోల్లో సగం ఇవే అయి ఉంటాయి. కేకు ముందు కుక్క, కేకు మీద చాక్లెట్. డార్క్ చాక్లెట్‌లో గ్రాముకి సుమారు 5 మిల్లీగ్రాముల థియోబ్రొమిన్ ఉంటుంది, కుక్కలకి అది విషం. కుక్క బరువులో ప్రతి కిలోకీ 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, నిలకడ లేకపోవడం మొదలవుతాయి. మూడు కిలోల కుక్కకి ఆ మోతాదు 12 గ్రాముల డార్క్ చాక్లెట్‌లోనే వచ్చేస్తుంది. మిల్క్ చాక్లెట్ అయితే 30 గ్రాములు. చాక్లెట్ లేని కేకు కూడా మంచిదేమీ కాదు, ఆ వెన్నకి క్లోమం వాచి ఆసుపత్రి పాలయ్యే చిన్న కుక్కలున్నాయి. ‘షుగర్ ఫ్రీ’ అని రాసి ఉన్నవి ఇంకా ప్రమాదం. వాటిలో చక్కెర బదులు వాడే జైలిటాల్ ఉంటే కిలో బరువుకి 0.1 గ్రాము చాలు, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది.

మన వంటింట్లో ఉన్నవాటి గురించి ఎవరూ అంతగా చెప్పరు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయని చాలామందికి తెలుసు, అయినా పాయసం గిన్నె నాకనిస్తారు. దానికి కారణం టార్టారిక్ ఆమ్లమని కొన్నేళ్లుగా పశువైద్యులు భావిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంది. చింతపండు తిన్న కుక్కలకి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లోకీ ఎక్కాయి. కాబట్టి పులిహోర, పులుసు, చారన్నం పెట్టకపోవడమే మంచిది. ‘మా పాత కుక్క పన్నెండేళ్లు చారన్నమే తింది’ అనే మాట తప్పకుండా వస్తుంది. ఒక కుక్కకి పడింది కదా అని ఇంకో కుక్కకి పడుతుందన్న హామీ లేదు, ద్రాక్ష విషయంలోనూ ఇంతే. ఇక ఉల్లిపాయ ఒంటి బరువులో అర శాతం మించితే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. మూడు కిలోల కుక్కకి అది 15 గ్రాములు, మామూలు ఉల్లిపాయలో పావు ముక్క. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా దాని గుణం పోదు. వెంటనే ఏమీ కనిపించకపోవడం ఇందులో పెద్ద చిక్కు. మూడు నాలుగు రోజులకి చిగుళ్లు పాలిపోయి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తుంది. అప్పటికి ఆదివారం పెట్టిన మాంసం కూర ఎవరికీ గుర్తుండదు.

పుట్టినరోజు జరపొద్దనడం లేదు. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన తోలు తీసిన కోడి మాంసం 30 గ్రాములు సన్నగా చీల్చి, ఉడికిన క్యారెట్ లేదా తీపి గుమ్మడి రెండు చెంచాలు మెత్తగా మెదిపి కలపండి. చిన్న స్టీలు గిన్నెకి అదిమి ప్లేటులో బోర్లించి, పైన చెంచాడు గట్టి పెరుగు రాయండి. ఫొటోలో కేకులాగే ఉంటుంది. మొత్తం 70 కేలరీల లోపే. ఆ రోజు రాత్రి తిండిలో అంత తగ్గించండి. వేరే కుక్కల్ని పిలిస్తే ఒక్కో దానికి ఒక్కో ప్లేటు, ఒక్కో గది మూల. బంతులాటలో కలిసిమెలిసి తిరిగినవే తిండి ముందు కరుచుకుంటాయి. పెద్ద జాతి కుక్కని పిలవకపోవడమే మంచిది. అది ఆటగా మెడ పట్టి విదిలించినా చిన్నదాని ప్రాణం మీదికొస్తుంది.

ఫొటో కోసమని బండి ట్యాంకు మీదో, పిట్టగోడ మీదో నిలబెట్టే అలవాటు కూడా ఈ మధ్య ఎక్కువైంది. పమేరియన్, చివావా, మినియేచర్ పిన్షర్ లాంటి వాటి ముందుకాళ్ల ఎముకలు పెన్సిలంత ఉంటాయి. సోఫా ఎత్తు నుంచి దూకినా మణికట్టుకి కాస్త పైన రెండు ఎముకలూ విరగొచ్చు. ఆ భాగానికి రక్తప్రసారం తక్కువ, అందుకే పిండికట్టుతో అతుక్కోక ప్లేటు వేయాల్సి వస్తుంది. డాక్స్‌హండ్‌కైతే కాళ్లకంటే ముందు వెన్నుపూస దెబ్బతింటుంది. దాన్ని ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద ఉండి, వీపు నేలకి సమాంతరంగా ఉండాలి. చంకల్లో చేతులు పెట్టి చంటిపిల్లాడిలా లేపితే బరువంతా నడుము మీద పడుతుంది.

అన్నిటికంటే తీపి కబురు కుక్క ఈనడం. కాటా అసలు పనికొచ్చేది కూడా అప్పుడే. పమేరియన్ పిల్ల పుట్టినప్పుడు 100 నుంచి 150 గ్రాములుంటుంది. మొదటి రోజు కొద్దిగా తగ్గినా కంగారు పడక్కర్లేదు. ఆ తర్వాత రోజూ 5 నుంచి 10 శాతం పెరగాలి, వారం పది రోజులకి రెట్టింపు కావాలి. అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి గోటి మీద తలో రంగు నెయిల్ పాలిష్ చుక్క పెట్టి, రోజూ ఒకే వేళకి వంటింటి కాటా మీద తూచి కాగితం మీద రాసుకోండి. మెడకి దారాలు మాత్రం కట్టొద్దు. ఒక్క రోజు బరువు ఆగిపోయినా ఆ పిల్లకి పాలు అందడం లేదని అర్థం. దాన్ని వెనక చన్నుల దగ్గర పెట్టి చూడాలి, పాలు అక్కడే ఎక్కువ. చల్లబడిపోయిన పిల్లకి ముందు పాలు పట్టకూడదు, అరగవు. ఒంటికి ఆనించుకుని మెల్లగా వెచ్చబరిచాకే పాలు. మొదటి వారం పెట్టెలో ఒక మూల 30 డిగ్రీల వేడి ఉండేలా బల్బు పెట్టి, రెండో మూల ఖాళీగా వదలండి, తల్లికి ఉక్కపోస్తే పక్కకి జరగడానికి.

ఈనక ముందు చూడాల్సినవీ ఉన్నాయి. దాటించిన 55 రోజుల తర్వాత ఎక్స్‌రే తీయిస్తే కడుపులో ఎన్ని పిల్లలున్నాయో లెక్క తెలుస్తుంది. ఆ లెక్క తెలియకుండా ‘అయిపోయింది’ అనుకుంటే ఒకటి లోపల మిగిలిపోవచ్చు. 58వ రోజు నుంచి పూటకోసారి మలద్వారంలో డిజిటల్ థర్మామీటరుతో చూడండి. ఎప్పుడూ 101 ఉండేది 99 ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగితే ఒక రోజు లోపు ఈనుతుంది. గట్టిగా ముక్కుతూ అరగంటయినా పిల్ల రాకపోయినా, లోపల పిల్లలుండగా రెండు గంటలు గడిచినా, మొదటి పిల్లకంటే ముందే ఆకుపచ్చ స్రావం కనిపించినా బండి తీయాల్సిందే. పగ్‌లకి పిల్ల తల పెద్దది, దారి ఇరుకు. సిజేరియన్ చేసే డాక్టరు రాత్రిపూట దొరుకుతారో లేదో ముందే కనుక్కోవాలి.

ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల మధ్య మరో గండం. అందరూ పిల్లల్ని చూసి మురుస్తుంటారు, తల్లి రొప్పుతూ, కాళ్లు బిగబట్టుకుని కర్రలా నడుస్తూ, వణుకుతుంటుంది. చలి అనుకుని దుప్పటి కప్పుతారు. అది కాల్షియం పడిపోవడం. చిన్న తల్లికి ఎక్కువ పిల్లలుంటే ఎక్కువగా వస్తుంది, గంటల్లో ప్రాణం తీస్తుంది. పిల్లల్ని వెంటనే విడదీసి ఆసుపత్రికి తీసుకెళ్తే నరంలోకి మెల్లగా కాల్షియం ఎక్కిస్తారు. ‘ముందే సిరప్ పోసి ఉంటే రాకపోయేది’ అనుకుంటారు గానీ వ్యవహారం తిరకాసు. చూలుతో ఉన్నప్పుడు రోజూ కాల్షియం పోస్తే ఎముకల్లోంచి కాల్షియం తీసే గ్రంథి పని తగ్గించేసుకుంటుంది, తీరా పాలకి కావాల్సినప్పుడు లేవదు.

కొత్త పిల్లని తెచ్చుకున్న కబురు విన్నప్పుడు అడగాల్సింది వయసు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ‘టీకప్’ పేరుతో అరచేతిలో పెట్టి చూపించేవి చాలావరకు ఆ వయసు రానివో, కడుపు మాడ్చినవో అయి ఉంటాయి. ఏ కెన్నెల్ క్లబ్బూ టీకప్ అనే జాతిని గుర్తించలేదు. నోరు తెరిచి చూడండి: ఎనిమిది వారాలకి పాల పళ్లు 28 దాదాపుగా వచ్చేసి ఉంటాయి. వెనక దంతాలు లేకుండా చిగురే కనిపిస్తే వయసు తక్కువని అనుమానించాలి. మూడు, నాలుగు నెలలు నిండేదాకా రోజుకి నాలుగుసార్లు తిండి పెట్టాలి. రాత్రి పెట్టడం మానేస్తే పొద్దుటికి మగతగా తూలుతూ కనిపిస్తుంది. అప్పుడు అర టీస్పూను తేనె చిగుళ్లకి రుద్ది డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. స్పృహ లేని పిల్ల నోట్లో నీళ్లు, పాలు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

టీకాల దగ్గర మాత్రం బరువు లెక్క పనిచేయదు. ‘చిన్నది కదా, సగం వేయండి’ అని డాక్టర్ని బతిమాలేవాళ్లున్నారు. చివావాకైనా గ్రేట్‌డేన్‌కైనా ఒక డోసు మొత్తం వేయాల్సిందే. కాకపోతే టీకా పడక ముఖం వాయడం లాంటివి చిన్న కుక్కల్లో కాస్త ఎక్కువ. అందుకని సూది వేయించాక అరగంట అక్కడే కూర్చోండి, ఒకే రోజు అన్ని టీకాలూ వేయించకుండా రెండు వారాల తేడాతో వేయించుకోవచ్చేమో అడగండి. 16 వారాలకి పిల్ల టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో దింపొద్దు. చూడ్డానికి వచ్చేవాళ్లు చెప్పులు గేటు బయటే వదలాలి, కుక్కపిల్లలకి ప్రాణాంతకమైన విరేచనాలు తెచ్చే పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. నేల తుడవడానికి 30 పాళ్ల నీళ్లకి ఒక పాలు బ్లీచ్ కలిపి, పది నిమిషాలు ఆరనివ్వకుండా ఉంచి కడగాలి. ఫినాయిల్ వాసన వస్తుందే గానీ దాన్ని నమ్ముకోవడానికి లేదు.

కటింగ్ ఫొటోల గురించి ఒక్క మాట. వేసవి వచ్చిందని పమేరియన్, స్పిట్జ్‌లకి గుండు కొట్టిస్తున్నారు. వాటికి రెండు పొరల బొచ్చు, అది ఎండని కూడా ఆపుతుంది. మిషన్ పెట్టి తీసేస్తే కొన్నిటికి తిరిగి సరిగా రాదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది. లోపలి ఊలు దువ్వి తీసేస్తే చాలు. షిట్జుకి, లాసా ఆప్సోకి పొట్టిగా కత్తిరించినా నష్టం లేదు. వాటికి చెవుల వెనక, చంకల్లో, పట్టీ కింద బొచ్చు ముద్ద కడుతుంది. తడపకముందే ఆ చిక్కు తీయాలి, తడిస్తే ముద్ద ఇంకా బిగుసుకుంటుంది.

పాల పన్ను ఊడిన కబురుకీ విలువుంది. ఆరు నెలలు దాటాక కూడా కోరపన్ను పక్కన పాల కోర అలాగే ఉండిపోతే పీకించాలి. రెంటి మధ్య తిండి ఇరుక్కుని చిగురు చెడిపోతుంది, కొత్త పన్ను వంకరవుతుంది.

వేసవి మీ పేజీకి అసలు పరీక్ష. 2003లో హచ్ మొబైల్ కంపెనీ వాళ్ల పగ్ ప్రకటన వచ్చాక మన ఊళ్లలోకి పగ్‌లు వరస కట్టాయి. ఆ ముక్కుతో విజయవాడ మే నెల ఎలా గడుస్తుందో మాత్రం ఎవరూ ప్రకటన వేయలేదు. కుక్కలు రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటాయి, ముక్కు నొక్కుకుపోయిన దానికి ఆ రొప్పే కష్టం. మెడపట్టీ బదులు ఛాతీకి తగిలించే హార్నెస్ వాడండి. పమ్‌లకైతే ఇంకా అవసరం, పట్టీ లాగినప్పుడల్లా బాతులా దగ్గితే శ్వాసనాళం నొక్కుకుపోతున్నట్టే. నడక ఉదయం ఆరున్నర లోపు, సాయంత్రం ఏడు తర్వాత. చేతి వెనక వైపు రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే ఆ రోడ్డు మీద నడిపించొద్దు.

ఎండకి కూలబడిన కుక్క నాలుక ముదురు ఎరుపుకి తిరుగుతుంది, చొంగ తీగలుగా సాగుతుంది. నీడకి చేర్చి, పొట్టమీద, కాళ్లమీద కుళాయి నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అదే వేడెక్కి ఆవిరి పడుతుంది. థర్మామీటరు 103కి దిగగానే నీళ్లు ఆపాలి, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడిపోతుంది. అప్పుడు, ఏసీ ఉన్న బండిలో, ఆసుపత్రికి. లేచి తోక ఊపినా సరే తీసుకెళ్లాలి. కిడ్నీలు, రక్తం గడ్డకట్టే తీరు దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత గానీ బయటపడదు.

ఇట్లు,
చిన్న జాతి కుక్కల పెంపకందారులు కొందరు,
విజయవాడ